తెలుగులో వడ్రంగం పత్రిక: 600 చందాలతో నిలవాలంటే లెక్క ఎలా వేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వడ్రంగం మీద తెలుగులో త్రైమాసిక పత్రిక తేవాలి. 64 పేజీలు, అన్నీ రంగుల్లో. వెల 200, నాలుగు సంచికల చందా 700. 600 మంది కడతామన్నారు. అమెరికాలోనే ఇలాంటి పత్రికలు కిందామీదా పడుతుంటే ఇక్కడ నిలుస్తుందా, ప్రకటనలు ఎన్ని కావాలి అని.

నిలుస్తుంది. కాకపోతే మీరు రాసిన రూపంలో నిలవదు. పత్రిక అన్న మాట పక్కనబెట్టి, వరస నంబర్లతో వచ్చే పుస్తకం అనుకుని లెక్క మళ్లీ వేయండి. రంగులు నాలుగో వంతుకు తగ్గించండి. ప్రకటనల ఊసు మొదటి రెండేళ్లు ఎత్తకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అంకెలతోనే చూద్దాం.

ముందు బయటి సంగతి. పాపులర్ వుడ్‌వర్కింగ్ అనే అమెరికా పత్రికను నడిపిన ఎఫ్ ప్లస్ డబ్ల్యూ సంస్థ 2019 మార్చిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఆ సంస్థ చేతిలో నాణేల సేకరణ, కుట్టుపని, రచనావ్యాసంగం లాంటి సరదాల పత్రికలు చాలానే ఉండేవి. అప్పుల్లో మునిగింది సంస్థ. పాపులర్ వుడ్‌వర్కింగ్ మాత్రం చేతులు మారి బతికింది. చదివేవాళ్లు లేక పోయిన పత్రిక కాదది. మరోపక్క మెయిన్ రాష్ట్రం నుంచి 2016లో మొదలైన మార్టైజ్ అండ్ టెనన్ ఉంది. కేవలం చేతి పనిముట్ల మీద, ఏడాదికి రెండే సంచికలు, ఒక్క ప్రకటన కూడా ఉండదు. అయోవాలో 1979లో మొదలైన వుడ్‌స్మిత్ కూడా ప్రకటనలు లేకుండానే మొదలై, కేవలం బొమ్మల కచ్చితత్వం మీద పేరు తెచ్చుకుంది. 1975లో వచ్చిన ఫైన్ వుడ్‌వర్కింగ్ తొలి సంచికలు నలుపు తెలుపే. వీటి మార్కెట్ మనకంటే ఎన్నో రెట్లు పెద్దదన్నది నిజమే. అయినా చిన్నగా మొదలై నిలదొక్కుకున్నవాటి తీరు చూడండి: తక్కువ సంచికలు, పాఠకుడి డబ్బు మీదే ఆధారం, బొమ్మల మీద ఖర్చు.

మన దగ్గర పెద్ద పంపిణీ బలం ఉన్నంత మాత్రాన గట్టెక్కుతాం అనుకోవడానికి లేదు. ఈనాడు గ్రూపు నుంచి 1978లో మొదలైన చతుర, విపుల పత్రికలు 2021లో ఆగిపోయాయి. వాటి వెనక ఎంత పెద్ద వ్యవస్థ ఉందో అందరికీ తెలుసు. కాబట్టి ఏజెంట్లు, స్టాళ్ల మీద ఆశ పెట్టుకోకుండా మొదలుపెట్టడమే మేలు.

ఇప్పుడు ప్రెస్సు లెక్క. మీరు చెప్పిన ఎనిమిదిన్నర ఇంటూ పదకొండు అంగుళాల సైజు 23 ఇంటూ 36 కాగితానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కో షీటుకు 16 పేజీలు వస్తాయి, దాన్నే ఫారం అంటారు. అంటే 64 పేజీలు నాలుగు ఫారాలు. అన్నీ నాలుగు రంగుల్లో వేస్తే ఫారానికి రెండు వైపులా నాలుగేసి చొప్పున 8 ప్లేట్లు (రంగుకొక అచ్చు రేకు), నాలుగు ఫారాలకు 32, అట్టకు 4, మొత్తం 36. ఇదే పుస్తకాన్ని మూడు ఫారాలు నలుపులో, ఒక్క ఫారం రంగుల్లో వేస్తే 6, 8, అట్టకు 4 కలిపి 18 ప్లేట్లు. సరిగ్గా సగం. మీ ప్రెస్సులో అర షీటు మిషనే ఉంటే ప్లేటు ధర తగ్గుతుంది, సంఖ్య పెరుగుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడు ఏ మిషన్ మీద వేస్తారో ముందే అడగండి.

నలుపులో వేస్తే చవకగా కనబడుతుందన్న భయం వద్దు. జాయింటు బొమ్మ, కొలతల పట్టిక, ఉలి పట్టుకునే కోణం: ఇవన్నీ గీత బొమ్మలోనే ఫోటో కంటే స్పష్టంగా ఉంటాయి. రంగు అవసరమయ్యేది పాలిష్ దగ్గర, కలప రేఖ దగ్గర, లక్క పని దగ్గర. సెంటర్ పిన్నింగ్ చేస్తే, అంటే మడత షీట్లను ఒకదాంట్లో ఒకటి పెట్టి నడిమధ్య పిన్నులు కొడితే, లోపలి ఫారం 25 నుంచి 40 వరకు వరస పేజీలుగా పడుతుంది. రంగు ఫారాన్ని అక్కడ పెట్టి, పాలిష్ వ్యాసం, కలప పరిచయం, పూర్తయిన వస్తువుల ఫోటోలు ఆ 16 పేజీల్లోకి సర్దాలి. వ్యాసం పేజీలు తేల్చేటప్పుడే ఈ అమరిక పెట్టుకోకపోతే 22వ పేజీలో పడ్డ టేకు, రోజ్‌వుడ్ పోలిక నలుపులో అచ్చయి, రెండూ ఒకేలా కనబడతాయి.

పిన్నింగే ఎందుకంటే, పనిబల్ల మీద పెడితే పుస్తకం తెరిచి ఉండాలి. జిగురు బైండింగ్ పుస్తకం ముడుచుకుపోతుంది, బలవంతంగా తెరిస్తే వెన్ను విరుగుతుంది. పిన్నింగులో ఒక చిక్కుంది. 16 మడత షీట్లు ఒకదాంట్లో ఒకటి దూరినప్పుడు లోపలి పేజీలు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. కటింగులో అవి తెగిపోతాయి. అందుకే నడిమి పేజీల్లో కొలతల అంకెలు బయటి అంచుకు అర అంగుళం లోపలే ఉండాలి. '14' లో '4' తెగి '1' మిగిలిన బొమ్మను నమ్మి ఎవరైనా పలక కోస్తే ఆ నష్టం మీ ఖాతాలోదే.

కాగితం: నలుపు ఫారాలకు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లితో (పూత లేని మామూలు కాగితం), రంగు ఫారానికి 90 జీఎస్ఎం మ్యాట్ ఆర్ట్ (మెరుపు లేని పూత కాగితం), అట్టకు 210. వెయ్యి కాపీలకు, నలుపు ఫారానికి వంద, రంగు ఫారానికి రెండొందలు, అట్టకు యాభై షీట్ల వేస్టేజి కలుపుకుంటే మొత్తం 232 కిలోల కాగితం పడుతుంది. కిలో సగటున 90 అనుకుంటే 21,000. ప్లేట్లు ఒక్కోటి 400 చొప్పున 7,200. అచ్చు, మడత, పిన్నింగ్, కటింగ్ కలిపి 20,000 అనుకుందాం. ఈ రేట్లు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, మీ ఊరి కొటేషన్ పెట్టి మార్చుకోండి. కూడితే 48,000 చిల్లర, అంటే కాపీకి 48. కాగితం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 18 శాతానికి పెరిగింది. పుస్తకాలకు, పత్రికలకు జీఎస్టీ లేదు కనుక మీరు కాగితం మీద కట్టిన పన్నును వెనక్కి తెచ్చుకునే దారి లేదు. కొటేషన్ పన్నుతో కలిపి ఉందా, విడిగానా అన్నది తేల్చుకోకుండా ఆర్డరివ్వకండి.

ఇక్కడే ప్రెస్సువాళ్లు ఒక మాట అంటారు: 'మూడు వేలు వేయించండి సార్, కాపీకి 35 పడుతుంది.' నిజంగానే పడుతుంది. అదే లెక్కలో మూడు వేలకు బిల్లు లక్షా ఆరు వేల దాకా వస్తుంది. కాపీకి 13 రూపాయలు మిగిలాయన్న సంబరంలో 57,000 అదనంగా కట్టి, 2,000 కాపీలు, అంటే 370 కిలోల కాగితం, గదిలో పేర్చుకున్నట్టు. వెయ్యి వేయించి ప్లేట్ల ఫైళ్లు దాచుకోండి. అయిపోతే మళ్లీ వేయించవచ్చు.

సంపాదక ఖర్చు: ఆరు వ్యాసాలకు 5,000 చొప్పున 30,000, కొలత బొమ్మలకు 15,000, డీటీపీ పేజీకి 250 చొప్పున 16,000, ఫోటోలకు 10,000. మొత్తం 71,000. ఇందులో కోత పెట్టాలనిపిస్తే ఫోటోల్లో పెట్టండి, బొమ్మల్లో వద్దు.

ఇప్పుడు ఎన్ని కాపీలు అమ్మితే గట్టెక్కుతామో చూద్దాం. చాలామంది ఇలా వేస్తారు: 200 వెలలో 48 అచ్చు, 30 పోస్టు, కవరు పోతే 122 మిగులుతుంది. 71,000ను 122తో భాగిస్తే 582 కాపీలు. కాబట్టి 600 ఉంటే చాలు. ఈ లెక్క తప్పు. అచ్చు ఖర్చు అమ్ముడైన కాపీకే కాదు, అమ్ముడుపోని కాపీకి కూడా మీరే కట్టారు. సరైన లెక్కలో 48,000, 71,000 కలిపి 1,19,000 ముందే ఖర్చయిపోయింది. ఒక్కో కాపీ అమ్మితే పోస్టు పోను చేతికొచ్చేది 170. భాగిస్తే 700. అదీ పూర్తి వెలకు నేరుగా అమ్మితేనే.

దుకాణాల ద్వారా అయితే 35 శాతం కమీషన్ అంటే 70 రూపాయలు, రవాణా నాలుగు. చేతికి 126. అప్పుడు వెయ్యిలో 945 అమ్మాలి. రిటర్నులు వచ్చేది కూడా మీ ఖర్చు మీదే. అమ్మేశామని చెప్పిన కాపీల డబ్బు ఆరు నెలలకు గానీ రాకపోవడం మామూలే. అందుకే రెండు మూడు నమ్మకమైన పుస్తకాల షాపులకు, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తప్ప దుకాణాల జోలికి పోవద్దు.

పోస్టు సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే చాలా చిన్న పత్రికల భవిష్యత్తు ఇక్కడే తేలుతుంది. రిజిస్టర్డ్ న్యూస్‌పేపర్ రేటు పైసల్లో ఉంటుందని విని చాలామంది దాని మీద ఆశ పెట్టుకుంటారు. దానికి షరతు, సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు మించకూడదు. త్రైమాసికానికి అది వర్తించదు. ఆ రేటు కోసం మాసపత్రిక చేద్దామా అంటే, నెలకు 1,19,000 ఖర్చు పెట్టి పోస్టులో కాపీకి పాతిక రూపాయలు ఆదా చేసినట్టవుతుంది.

మీకు పనికొచ్చేది 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్ట్. పుస్తకాలకు, విద్యాసంబంధ ముద్రిత సామగ్రికి. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గంలో నిదానంగా వెళ్తుంది గానీ ట్రాకింగ్ ఉంటుంది. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో తప్పనిసరి. ప్రకటనలు ఉంటే తీసుకోరు. పుస్తకాల జాబితా లాంటిది పరవాలేదు.

మీ పుస్తకం బరువు లెక్కేస్తే నలుపు పేజీలు 116 గ్రాములు, రంగు 43, అట్ట 25, మొత్తం 185 లోపు. కవరుతో 205. ఇంకా 95 గ్రాముల జాగా ఉంది. అందులో 70 జీఎస్ఎం కాగితం మీద 23 ఇంటూ 36 సైజు పూర్తి కొలత నమూనా షీటు ఒకటి మడిచి పెట్టవచ్చు, అది 37 గ్రాములే. కుర్చీ వీపు వంపులాంటివి పూర్తి సైజులో చేతికిస్తే పాఠకుడు పుస్తకాన్ని పారేయడు. షాపుకు పంపే 25 కాపీల కట్ట అట్టపెట్టెతో కలిపి 5 కిలోలలోపు సరిపోతుంది. నేను పైన వేసిన నాలుగు రూపాయల రవాణా అదే, పన్ను కాక.

ప్రకటనల సంగతి ఇప్పుడు చూడండి. వెనక అట్ట మీద ఒక జిగురు కంపెనీ డీలరు 5,000 ఇస్తానన్నాడనుకోండి. ఆ ఒక్క ప్రకటన వల్ల జ్ఞాన్ పోస్ట్ పోతుంది. స్పీడ్ పోస్టులో 2025 అక్టోబరు రేట్ల ప్రకారం 250 గ్రాముల లోపు కవరుకు 200 కిలోమీటర్ల లోపు 59, 500 లోపు 63, జీఎస్టీతో 70 పైచిలుకు. జ్ఞాన్ పోస్టులో అయితే పన్నుతో కలిపి 24 అయ్యేది. కాపీకి 46 నుంచి 50 తేడా. 600 చందాదారులకు 28,000 దాకా. ఐదు వేల కోసం ఇరవై ఎనిమిది వేలు. ఇది కాక ప్లైవుడ్, జిగురు కంపెనీల డబ్బు వడ్రంగుల క్లబ్బులకు, బహుమతి కూపన్లకు, షాపుల్లో దొరికే ఫర్నిచర్ డిజైన్ల పుస్తకాలకు పోతుంది. వెయ్యి కాపీల తెలుగు పుస్తకం వాళ్ల లెక్కలోకి రాదు. వచ్చినా, పనిముట్ల సమీక్షలో ఫలానా రందా (చిత్రిక పట్టే పనిముట్టు) అడుగు భాగం చదునుగా లేదని రాసే స్వేచ్ఛ పోతుంది. పాఠకుడు డబ్బు పెట్టేది ఆ వాక్యం కోసమే.

పుస్తకమా పత్రికా అన్నది కాగితాల్లో కూడా తేడా తెస్తుంది. 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం, ప్రజా వార్తలు, వాటి మీద వ్యాఖ్యలు వేసే నియతకాలికలకు వర్తిస్తుంది. పుస్తకాలు, శాస్త్ర సాంకేతిక విద్యా జర్నళ్లు దాని నిర్వచనంలోకి రావు. వడ్రంగం పని నేర్పే పుస్తకంలో కలప పన్నుల మీద సంపాదకీయాలు గుప్పిస్తే మాత్రం గీత దాటినట్టే. సంపుటానికొక ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) తీసుకోండి, రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అచ్చుకు నెల ముందే దరఖాస్తు పెట్టండి. అట్ట మీద 'త్రైమాసిక', 'ఏప్రిల్–జూన్' అని వేయకండి, '3వ సంపుటం' చాలు. పోస్టాఫీసు కౌంటర్లో 'ఇది మ్యాగజైన్ కదా' అన్న వాదన రాకుండా ఉంటుంది. మే నెలలో రావాల్సింది జూన్‌లో వస్తే పాతబడినట్టు కూడా కనబడదు.

చందా డబ్బు దగ్గరికి వద్దాం. 600 మంది 700 చొప్పున కడితే మొదటి నెలలోనే 4,20,000 బ్యాంకులో పడుతుంది. మునిగేవాళ్లు మునిగేది ఇక్కడే. అది ఆదాయంలా కనబడుతుంది. నిజానికి మీరు ఇంకా వేయని 2,400 పుస్తకాల బాకీ అది. కెమెరా, ఆవిష్కరణ సభ, వెబ్‌సైటు అంటూ లక్షన్నర తీశారంటే నాలుగో సంపుటం అచ్చు కోసం ఐదో సంపుటం చందాదారుడి కోసం ఎదురుచూడాలి. వేరే ఖాతా తెరిచి మొత్తం అందులో వేయండి. ఒక సంపుటం పోస్టు చేసిన రోజు మాత్రమే అందులోంచి 1,05,000 బయటికి తీయండి. అలాగైతే మొదటి సంపుటం అచ్చుకు సొంత పెట్టుబడి లక్షా ఇరవై వేలు కావాలి. అది లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఆ 1,05,000 కూడా సరిపోదు. చందాదారుడి కాపీకి 175 వస్తే పోస్టు, కవరు పోను 145. 600 మందికి 87,000. ఖర్చు 1,19,000. లోటు 32,000. విడి కాపీ 170 చొప్పున 189 కాపీలు ప్రతి సంపుటానికీ అమ్మాలి. చందా రాయితీ తగ్గించి నాలుగింటికి 760 పెడితే లోటు 23,000కు, విడి అమ్మకం 136 కాపీలకు దిగుతుంది. ఈ రంగంలో 60 రూపాయల తేడాకు వెనక్కి తగ్గే పాఠకుడు నాకు కనబడలేదు. తప్పు కొలత అచ్చయితే మాత్రం తగ్గుతాడు.

ఏడాదికి నాలుగు అన్న మాట కూడా మార్చండి. రెండు చాలు. 1,19,000 చొప్పున నాలుగు సార్లు మోయడం కంటే రెండు సార్లు మోయడం తేలిక. అంతకంటే పెద్ద కారణం సరుకు. నాలుగు సంపుటాలకు 24 మంచి వ్యాసాలు కావాలి. తెలుగులో వడ్రంగం పని చేతులతో తెలిసి, కాగితం మీద కూడా పెట్టగలిగినవాళ్లు అన్ని వ్యాసాలకు దొరకరు. చాలా వ్యాసాలకు పనివాడి దగ్గర కూర్చుని, చూసి, కొలిచి, రాసుకునే మనిషిని పంపాల్సిందే.

ఆ వ్యాసాలు ఎలా చెడతాయో ఒక ఉదాహరణ. టేకు స్టూలు. నాలుగు కాళ్లు, ఒక్కోటి 1 అంగుళం 6 నూళ్ల (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) చదరం, 18 అంగుళాల పొడవు. వ్యాసంలో ఈ కొలతలే అచ్చయ్యాయి. పాఠకుడు లెక్కేస్తే 0.128 ఘనపుటడుగులు. అంత కలపే కొన్నాడు. కానీ 1 అంగుళం 6 నూళ్లు అన్నది చిత్రిక పట్టాక మిగిలే కొలత. అడితిలో కోసిన ముక్క 2 ఇంటూ 2 ఇంటూ 19 ఉండాలి, అంటే 0.176. దాదాపు 38 శాతం ఎక్కువ. కాళ్లకే ఇంత తేడా. అందుకే ప్రతి పట్టికలో రెండు వరసలుండాలి: కొనే కొలత, తేలే కొలత. కలపకు అంగుళాలు, నూళ్లు. ప్లైవుడ్‌కు మిల్లీమీటర్లు. అదే వ్యాసంలో రెండూ కలిసే చోట, అంటే 18 మిల్లీమీటర్ల ప్లై కూర్చునే గాడి దగ్గర, 'గాడి వెడల్పు ప్లై ముక్కను పెట్టి గీసుకోవాలి' అని రాయాలి. 18 అని అమ్మే ప్లై 18 ఉండదని పనివాళ్లందరికీ తెలుసు, వ్యాసాలు రాసేవాళ్లే మరిచిపోతారు.

ప్రతి బొమ్మనూ రచయిత కాని ఇంకొకరు, వ్యాసం చదవకుండా బొమ్మ మాత్రమే చూసి, చవక కర్రతో ఒకసారి చేసి చూడాలి. దానికి సంపుటానికి 6,000 నుంచి 8,000 విడిగా పెట్టుకోండి. పైన సంపాదక ఖర్చులో నేను దీన్ని వేయలేదు. మీ లెక్కలో కలుపుకుంటే అమ్మాల్సినవి 700 నుంచి 740, 750 అవుతాయి. అయినా పెట్టాల్సిన ఖర్చే.

విదేశీ పత్రికల ప్లాన్లు అనువదించే ఆలోచన ఉంటే మానుకోండి. హక్కుల సంగతి అటుంచితే, చెర్రీ, మేపుల్, పాప్లర్ మన అడితిల్లో దొరకవు. గుంటూరులోనో కాకినాడలోనో వానాకాలం తేమకు, వేసవి ఎండకు పలక ఎంత ఉబ్బి ఎంత కుంచించుకుంటుందో ఆ ప్లాన్లకు తెలియదు. టేబుల్ పై పలకను ఫ్రేముకు జిగురుతో బిగించి ఏడాదికే పగలగొట్టుకునే తప్పులన్నీ ఇలాగే వస్తాయి. మన దగ్గరున్న సరుకు చూడండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క పట్టించే పద్ధతి, కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు పొణికి కర్రే ఎందుకు వాడతారన్న సంగతి, బొబ్బిలి వీణ కుండను పనస కర్రలోంచి తొలిచే క్రమం, ఉదయగిరి చెక్క గరిటెలు. వేప, నల్లతుమ్మ, మామిడి చెక్కలతో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు. ఇవి కొలతలతో సహా ఎక్కడా ఒకచోట దొరకవు, కనుక పదేళ్ల తర్వాత కూడా అమ్ముడవుతాయి.

మాటల చిక్కు ఒకటుంది. ఒకే పనిముట్టుకు, ఒకే జాయింటుకు జిల్లాకో పేరు. ఒక చోట రందా అంటారు, మరోచోట చిత్రిక అంటారు, ఇంకోచోట ఇంగ్లీషు మాటే నడుస్తుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయంతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఒక మాటను ప్రామాణికం అని రుద్దకుండా, మొదటిసారి వచ్చినచోట మిగతా పేర్లూ ఇచ్చి బొమ్మ వేసేయండి. అట్ట లోపలి వైపు ప్రతిసారీ పనిముట్ల బొమ్మల పట్టిక ఉంటే సగం సందేహాలు రావు.

పాఠకుడు ఎవరన్నది కూడా తేల్చుకోండి. హైదరాబాదులో ఇంటీరియర్ పని చేసే వడ్రంగుల్లో చాలామంది ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, తెలుగు చదవరు. మన పనివాళ్లలో 200 పెట్టి పుస్తకం కొనేవాళ్లు కొద్దిమందే ఉంటారు. మీ 600 మందిలో ఎక్కువమంది ఉద్యోగం చేస్తూ మేడ మీదో గ్యారేజీలోనో సరదాగా పని చేసుకునేవాళ్లు, రిటైరైన ఇంజినీర్లు, ఐటీఐ కార్పెంటర్ ట్రేడు బోధకులు అయ్యుంటారు. పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగికి 15,000 రూపాయల పనిముట్ల వోచరు ఉంది. ఆ డబ్బుతో ఏవి కొనాలి, కొన్నాక ఉలి, రంపం ఎలా పదును పెట్టాలి అన్న 16 పేజీల ఫారాన్ని విడిగా 30 రూపాయల పుస్తకంగా వేస్తే పనివాళ్లకు కూడా చేరుతుంది.

పాత సంపుటాలే మీ ఆస్తి. వార్తాపత్రికకు మర్నాడు విలువ లేదు గానీ స్టూలు బొమ్మకు గడువు లేదు. ప్రతి సంపుటం ఎప్పుడూ దొరికేలా చూడండి. వందలోపు మిగిలినప్పుడు 300 డిజిటల్ ప్రింట్ వేయించండి. కాపీ ఖర్చు ఎక్కువే అయినా సంపాదక ఖర్చు అప్పటికే తీరిపోయి ఉంటుంది. ఇందుకోసం మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయించండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో పేజ్‌మేకర్ (పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్) మీద చేయిస్తే డీటీపీ చవకగా, త్వరగా అవుతుంది. ఐదేళ్ల తర్వాత విషయసూచిక చేయాలన్నా, వెతకాలన్నా, ఈబుక్ చేయాలన్నా మొత్తం యూనికోడ్‌లోకి మార్చించి తప్పులు దిద్దించాలి.

అమెరికా, గల్ఫ్‌లోని తెలుగువాళ్లకు అచ్చు పుస్తకం పంపితే వెల కంటే పోస్టు ఎక్కువవుతుంది. వాళ్లకు పీడీఎఫ్. అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, ఆపలేరు. ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు అచ్చు వేస్తే కొంత తగ్గుతుంది. పూర్తి సైజు నమూనాలు మాత్రం పీడీఎఫ్‌లో పెట్టేటప్పుడు జాగ్రత్త. ఇంట్లో ప్రింటరు 'పేజీకి సరిపోయేలా' అన్న ఎంపికతో బొమ్మను కాస్త కుదించేస్తుంది. నాలుగు అంగుళాల బొమ్మ నాలుగు కంటే తక్కువ దగ్గరే ఆగిపోతుంది, జాయింటు కలవదు. ప్రతి నమూనా పేజీ మీద సరిగ్గా 4 అంగుళాల గీత ఒకటి గీసి, 'ముందు దీన్ని కొలవండి' అని రాయండి.

చివరిగా చందా పునరుద్ధరణ. మీ 600 మంది ఒకేసారి చేరారు కనుక ఒకేసారి అయిపోతారు. నాలుగో సంపుటం పంపాక ఉత్తరం రాస్తే, వందలో అరవై మంది తిరిగి కట్టినా ఐదో సంపుటం 360 మందితో మొదలవుతుంది. మూడో సంపుటంలోనే యూపీఐ కోడ్ ఉన్న చీటీ పెట్టండి. చందా ఏ నంబరుతో ముగుస్తుందో అడ్రసు లేబుల్ మీదే పేరు పక్కన వేయండి. కవరు చింపే ముందు అందరూ చదివేది తమ పేరే.